కాలెత్తితే ఆగిపోయే బండి

వ్యాసర్పాడి షెడ్డులో పాత పెట్రోలు లారీ బానెట్టు తెరిచి ఉంది. మెకానిక్కు కార్బురేటర్ విప్పుతుంటే డ్రైవరు పక్కనే నిలబడ్డాడు.

"యాక్సిలరేటర్ మీద నుంచి కాలెత్తితేనే గదా ఆగిపోయేది? కాలు పెట్టుకునే తోలుకో."

"షూటింగులో లోపల మనిషుండడు మామా. ఇంజిను ఆడతా ఒంటిగా నిలబడాల. అప్పుడు పేల్చేస్తారంట."

"ఈ బండినా?"

"ఓనరు సినిమావోళ్లకు అమ్మేసినాడు. ముప్పై ఏండ్లు తోలినోణ్ణి, నన్నొక మాట అడగలా."

"ఇదో, కాలెత్తినప్పుడు పెట్రోలొచ్చే స్లో జెట్టు బొక్కలో అగ్గిపుల్ల. ఎవురో సన్నంగా చెక్కి మరీ దూర్చినారు."

డ్రైవరు తల దించుకున్నాడు.

"సరి అల్లుడా, నేనేం చూడలా. ఉండనీనా?"

"తీసెయ్ మామా. ఇంజిను నిలబడకపోతే నన్నే లోపల కూర్చొని కాలు పెట్టుకోమన్నారు. పేలేదానికి ముందర దూకేస్తే చాలంట."