ఒక తలకు రెండు మందులు

సభకు పెద్దగా కూర్చున్న బట్టల కొట్టు లక్ష్మీనారాయణ గారికి, ఈ ఉక్కలో శాలువా కప్పుకొని అవస్థపడుతున్న సరస్వతమ్మకు, ముందు వరుస పెద్దలకు, భోజనాలు ఎప్పుడు పెడతారా అని వెనక్కి వెనక్కి చూస్తున్న మిత్రులకు నమస్కారం. నాది ఆళ్లగడ్డ, పేరు ఓబుళరెడ్డి. సంతకం పెట్టేంత వరకే నా చదువు, కాబట్టి కాగితం చూసి చదివేది లేదు. నోటికొచ్చింది చెబుతాను, నచ్చనివాళ్లు ఫోన్లు చూసుకోండి. (నవ్వులు)

నంద్యాలలో ఆడవాళ్ల పార్లర్ నడిపిన సరస్వతమ్మ పని మానుకుంటుంటే మీసాలున్న ఈ ముసలివాడికి ఇక్కడేం పని అని మీరు అనుకుంటూ ఉంటారు. పని ఉంది. వచ్చే నెల మా మనవరాలు అమృత పెళ్లి. అదిగో, మూడో వరుసలో తల దించుకొని కూర్చుంది. తల ఎత్తు తల్లీ, నిన్నేమీ అనను, నీ జుట్టునే అంటాను.

ఆ పిల్లకు నా ఉంగరాల జుట్టు వచ్చింది. నా కొడుకులకు రాలేదు, వాళ్లకు అసలు జుట్టే నిలవలేదు. (నవ్వులు) దాన్ని ఈ పిల్ల మా ఊళ్లో ఎవరి దగ్గరో మందు పెట్టించి సాపు చేయించుకుంది. కొత్తగా మొలిచింది మళ్లీ ఉంగరాలు తిరిగింది, నా రక్తం మరి, ఊరుకుంటుందా? కింద సాపు, పైన ఉంగరాలు. పెళ్లికి మొత్తం సాపుగా ఉండాలని, ఫోనులో చూసిన ఇంకో మందు కావాలని పట్టుబడితే, నేనే బస్సెక్కించి సరస్వతమ్మ దగ్గరకు తీసుకొచ్చాను.

ఆమె ముందు పాత మందు డబ్బా ఫోటో చూపించమంది. చూసి చెప్పేసింది.

"ఇది సోడా రకం. నువ్వు అడిగేది వేరే రకం. ఒకటి పడిన వెంట్రుకకు ఇంకొకటి తగిలితే తెగిపోతాది. పాతది కిందికి పెరిగి, కత్తిరించి పోయేదంకా రెండోది పెట్టేది లేదు."

నాకు కోపం వచ్చింది.

"ఏందమ్మా నువ్వు చెప్పేది? మిరపకు నేను పురుగుమందు, తెగులుమందు ఒకే డ్రమ్ములో కలిపి కొడతాండా. చేను కళకళలాడతాంది."

"చేను ఎండితే మళ్లీ నాటుకుంటావ్ పెద్దాయనా. పెళ్లిపీటల మీద బోడిగుండుకు ఏం నాటుతావ్?" (నవ్వులు)

నవ్వండి, ఆ రోజు ముఖాలకు పిండి పూసుకొని పడుకున్న ఆడవాళ్లు కూడా ఇట్లే నవ్వారు. అంతటితో ఆగలేదామె. మెడ వెనక కనబడని చోట నాలుగు వెంట్రుకలు కత్తిరించి, గిన్నెలో వేసి, పిల్ల అడిగిన మందే పూసి, కాసేపటికి కడిగి లాగితే, ఉడికిన సేమియా తెగినట్టు తెగాయి. నేను ఓడిపోయానని అనుకోకండి. ఆ మందు కల్తీదని ఈ రోజుకూ అంటాను. కానీ పిల్లను మాత్రం కుర్చీలోంచి లేపి ఇంటికి తీసుకుపోయాను.

ఇప్పుడు అసలు మాట. కాలువకు నీళ్లు వదల్లేదని ఆఫీసర్లను నిలబెట్టి అడిగినవాణ్ణి నేను. ఈ పిల్ల "జేజినాయనా" అని పిలిస్తే నా నోరు పెగలదు. అడిగినప్పుడల్లా సరేనని నంద్యాలకు తీసుకొచ్చేవాణ్ణి, వద్దనే పని సరస్వతమ్మ చేసేది. ఈమె వెళ్లిపోతే నా బదులు వద్దనేది ఎవరు?

రేపటి నుంచి పార్లర్ చూసుకునే ఏంజెల్ ఎక్కడ? ఇటు రామ్మా. అందరి ముందూ చెప్పు, అమృత వచ్చి కూర్చుంటే ఏం చేస్తావు?

"నిన్ననే వచ్చింది తాతా. సరస్వతక్కకు తెలీకుండా పెట్టమనింది." (పెద్దగా నవ్వులు)

"పెట్టినావా?"

"యాడ పెడతా? ఉన్న జుట్టుకే పూలజడ వేస్తా అన్నా. మూతి ముడుచుకొని పోయింది."

మంచిది. సరస్వతమ్మా, నువ్వు పాణ్యంలో నీ చెల్లెలి ఇంట్లో కాళ్లు చాపుకొని పడుకో. నీకు నా దండాలు. నీలాగా ముఖం మీద చెప్పేవాళ్లు నాకు...

"జేజినాయనా, నువ్వన్నా చెప్పు ఏంజెలక్కకు. ఒక్కసారి పెట్టమను."

(మనవరాలి వైపు తిరిగి)

వద్దు తల్లీ.

అనేశాను. ఎవరైనా కాసిన్ని నీళ్లు ఇయ్యండప్పా, నోరు ఎండిపోయింది. ఓపిగ్గా విన్న మీకందరికీ కృతజ్ఞతలు. ఆ పిల్ల ఏడవకముందే కిందికి దిగాలి, సెలవు.