అద్దం మీద తువ్వాలు

కదలొద్దంటే వినవేం? కనుబొమలకి ముందు జిగురా, ముందు పౌడరా అని రెండుసార్లు అడిగానని ఇంకా నవ్వుతున్నావా? వరుస తప్పుతానేమోనని పొద్దున్నే చెప్పాను. చెప్పలేదని తర్వాత అనకు.

మాట్లాడకు! పెదవుల రంగు ఆరలేదు. అవునంటే ఒక వేలు, కాదంటే రెండు. అమ్మమ్మ మీద కోపం వస్తే పిడికిలి బిగించుకో, అంతేగానీ నోరు తెరవకు. పుట్టాక నువ్వు ఇంతసేపు నోరు మూసుకోవడం ఇదే మొదటిసారి. ఈ రంగేదో నీ చిన్నప్పుడే పూసి ఉండాల్సింది.

అబ్బ, ఏం గడ్డంరా ఇది! రెండుసార్లు గీశాను, అయినా కింద నీలి నీడ. దాని మీద నారింజ రంగు ఎందుకమ్మా అని మీ అమ్మ అడుగుతుంది. ఆ నీలాన్ని చంపడానికే! ముప్ఫై ఏళ్లు నాటకాల కంపెనీలో మొహాలకి రంగులు వేసినదాన్ని, నాకు చెప్తుందా?

మీరు డ్రాగ్ అంటున్నారు, మేం ఆడవేషం అనేవాళ్లం. మీ తాతయ్య రాణిగా నడిచొస్తుంటే ముందు వరుసలో ఆడవాళ్లు ఆ నడక చూసి నేర్చుకునేవాళ్లు. నేనూ నేర్చుకున్నాను. రాలేదనుకో. ఆయన కనుబొమలు తడి సబ్బుతో అణిచేదాన్ని. నువ్వేమో పిల్లలు బడిలో కాగితాలు అంటించుకునే గ్లూ స్టిక్ తెచ్చిచ్చావు. ఇది మొహమా, సైన్సు ప్రాజెక్టా?

మీ అమ్మ పక్కగదిలో నీ గౌను అంచు కుడుతోంది గానీ చెవులు ఇటే ఉన్నాయి. నిన్న ఏమందో తెలుసా? "పొయ్యి మీద పాలు పెట్టి మర్చిపోతున్నావు, వాడి మొహం మీద ఏం మర్చిపోతావో! పార్లరు అమ్మాయిని పిలుద్దాం" అంది. ఫొటో తీసే అమ్మాయి పదకొండింటికి వచ్చేస్తుంది. ఆ అమ్మాయి పెట్టే ఫొటోల ఎగ్జిబిషన్‌కి నీది ఈ ఒక్క ఫొటోనే, మళ్లీ తీయరట. నాకు రోషం వచ్చింది. "ఇవాళ ఒక్క తప్పు చేశానంటే ఈ రంగుల పెట్టె ఆ పార్లరు అమ్మాయికే ఇచ్చేస్తాను, ఇక కుంచె ముట్టను" అన్నాను. అనేశానే గానీ, అప్పట్నుంచి ఈ పెట్టె తీసి సర్దుతూనే ఉన్నాను.

ఏమిటా చూపు? అద్దం మీద తువ్వాలు తీయమనా? తీయను. మా కంపెనీలో అదే పద్ధతి. సగం మొహం చూసుకున్న నటుడు సలహాలు మొదలుపెడతాడు. నువ్వు మాత్రం తక్కువ తిన్నావా? ఎడమ కన్ను అవగానే మెడ చాచి, "అమ్మమ్మా, ఇంకొంచెం వెండి" అన్నావు. అందుకే కప్పాను.

కప్పితే ఏమైందీ... నువ్వు గీసి అద్దానికి అంటించిన బొమ్మ కూడా దాని వెనక్కి పోయింది.

ఏం లేదులే. కళ్లు మూసుకో.

కాదు, తెరువు. ఒక మాట చెప్తాను. పిడికిలి బిగించుకున్నా ఫరవాలేదు.

ఎడమవైపు అచ్చం నీ బొమ్మలాగే వేశాను. కంటి మూల నుంచి నుదుటి దాకా నీలం రెక్క, దాని అంచున పదిహేడు వెండి రాళ్లు. తర్వాత కుంచెలు కడగడానికి వెళ్లాను. వచ్చి కుడివైపు కూర్చున్నాను. నువ్వు కళ్లు మూసుకుని గడ్డం కాస్త పైకెత్తి ఉన్నావు. చెయ్యి దానంతటదే పోయింది. విల్లులాంటి కనుబొమ, కణత దాకా లాగిన కాటుక, బుగ్గ మీద ఇంత ఎరుపు, కంటి కింద ఒక చుక్క. హాల్లో చివరి వరుసలో వాళ్లకి కనిపించాలని వేసే రంగులు. కెమెరాకి వేసేవి కావు.

చుక్క పెట్టి ఏమన్నానూ? "ఏమండీ, గంట కొట్టారు, లేవండి" అన్నాను. నువ్వు పకపకా నవ్వావు. అమ్మమ్మ సరదాకి అందనుకున్నావు.

సరదాకి కాదురా. ఆ నిమిషంలో కుర్చీలో ఉన్నది మీ తాతయ్యే.

నీ నవ్వు విని తెలివిలోకి వచ్చాను. నువ్వేమీ అడగకుండా ఉండాలని గబగబా పెదవులకి రంగు వేసేశాను. తెలివి ఎక్కడికీ పోలేదు చూశావా!

ఇదిగో, తువ్వాలు తీస్తున్నాను. తుడవాలంటే నూనె, దూది ఇక్కడే ఉన్నాయి. ఇంకా ఇరవై నిమిషాలుంది.

చూసుకున్నావా? తుడవనా? వేలైనా చూపించు.

రెండా? సరిగ్గా చూడరా, ఆ సగానికీ ఈ సగానికీ పొంతనే లేదు. మళ్లీ రెండు వేళ్లేనా!

ఒరేయ్, ఏడవకు! రాళ్ల జిగురు ఆరలేదు. పైకి చూడు, పైకి. రాణులు అలా ముక్కు ఎగబీల్చరు.

నీకు నచ్చింది సరే. తప్పు తప్పే. మీ అమ్మకి నేనే చెప్తాను, పెట్టె కూడా ఇచ్చేస్తాను. వద్దని చేతులు ఊపకు. పొద్దున నీ గడ్డం గీసింది ఎవరు? ఆ నిమిషం అప్పుడొచ్చి ఉంటే, నా చేతిలో ఉన్నది కుంచె కాదుగా.

పోనీలే. చివరిగా వేసిన మొహం బాగానే వచ్చింది.

ఇదిగో ఈ కాగితం పట్టుకో. ఫొటో కింద వేయడానికి పేర్లు కావాలందట ఆ అమ్మాయి. రంగులు వేసింది ఎవరు, వేషం కట్టింది ఎవరు అని రాసిపెట్టాను. నా పేరు సరిగ్గానే ఉండాలి. రెండోది నీదే రాశానో, మీ తాతయ్యది రాశానో... నువ్వే ఒకసారి చదివి చూడు నాన్నా.