సరుకుల తలుపు దగ్గర పగులు

అమెరికాలో ప్యూజెట్ సౌండ్ అనే సముద్రపాయ ఒడ్డున విమానాల కర్మాగారం. మధ్యాహ్నం భోజనాల వేళ, వానలో ఆగి ఉన్న ట్రక్కులో ఇద్దరు: తనిఖీ ఉద్యోగిని ఇడా, చనిపోయిన ఆమె అక్కకి భర్త, విమానాలు కట్టే షాపుకి ఫోర్‌మన్ అయిన రోల్ఫ్.

“అది కాదు ఇడా, ముందు ఆ శాండ్‌విచ్ తిను.”

“తింటాలే. ఎర్ర చీటీ ఎవరు పీకారో చెప్పు బావా.”

“ఏ ఎర్ర చీటీ?”

“మంగళవారం కొత్త విమానానికి నేను కట్టింది. సరుకుల తలుపు చట్రంలో పగులుందని రాసి, నా చేత్తో కట్టాను. ఇవాళ పొద్దున చూస్తే చీటీ లేదు. పగులు మీద రంగేసుంది.”

“వెంట్రుకంత పగులు.”

“అంటే చూశావన్నమాట.”

“చూడకుండా ఎలా ఉంటాను? పైవాళ్లు నా నెత్తిమీద కూర్చున్నారు. మనం కట్టినవాటిలో ఇంత ఖరీదైంది ఇంకోటి లేదు. నలభై నాలుగు కోట్ల డాలర్లు. రేపు కొన్నవాళ్లు వస్తున్నారు, బ్యాండు కూడా పెట్టారు.”

“నలభై నాలుగు కోట్లయితే పగులు పగులు కాకుండా పోతుందా?”

“చట్రం మార్చాలంటే ఆరు వారాలు పడుతుంది.”

“పట్టనీ.”

“పట్టనీ అంటే... ఈ ఆర్డరు పోతే షాపులో సగంమందిని ఇంటికి పంపిస్తారు. మొన్న ఎంతమందిని తీసేశారో చూడలేదా?”

“చూశాను. దాన్లో నాలుగొందలమంది కూర్చుంటారు. వాళ్లనెక్కడికి పంపిస్తావు?”

“అలా మాట్లాడకు.”

“మరెలా మాట్లాడను? గాల్లో ఆ తలుపు ఊడితే పైన సీట్లున్న నేల కుంగిపోతుంది, తోకని నడిపే లైన్లన్నీ తెగి విమానం అదుపు తప్పుతుంది. నాకు నేర్పింది నువ్వే కదా. పద్దెనిమిదేళ్ల కింద, ఈ షాపులోనే.”

“నేర్పాను.”

“మరి?”

“ఒక్క ముద్ర ఇడా. ఈ ఒక్కదానికి నీ తనిఖీ ముద్ర వెయ్యి. మళ్లీ అడగను.”

“వెయ్యను. పొద్దున్నే ప్రభుత్వంవాళ్లకి ఫోన్ చేశాను. రెండింటికి వస్తున్నారు.”

“ఎవరు? ఎవరొస్తున్నారు?”

“విమానాల భద్రతవాళ్లు. పగులు ఫోటో కూడా పంపాను.”

“ఏం... ఏం చెప్పావు వాళ్లకి?”

“ఉన్నదే చెప్పాను. నీ పేరు ఎత్తలేదులే.”

“నా పేరు సంగతి కాదు. ఇంకేం చెప్పావు?”

“ఇంతకుముందు మన దగ్గర్నుంచి వెళ్లిన విమానాలు కూడా చూస్తామన్నారు. చూసుకోమన్నాను. నా ముద్ర పడిన చట్రంలో వంక దొరకదని చెప్పాను. ఏంటి బావా?”

“ఆ మాట చెప్పకుండా ఉండాల్సింది.”

“ఎందుకు?”

“కారిన్‌కి జబ్బు ముదిరాక... నువ్వు సెలవు పెట్టి మా ఇంటికొచ్చావు కదా.”

“అక్క సంగతి ఇప్పుడెందుకు?”

“మూడు నెలలు. నువ్వు తనకి చెంచాతో సూప్ పడుతుంటే నేను పనిలోకి వచ్చేవాణ్ని. నీ ముద్ర ఇక్కడే, నీ సొరుగులో ఉండేది.”

“బావా.”

“ఆ మూడు నెలల్లో వచ్చిన చట్రాలన్నిటికీ ఇదే పగులు. అప్పుడూ ఇలాగే తొందరపెట్టారు. నీ ముద్ర నేనే వేశాను. ఆరు విమానాలకి.”

“అవెక్కడున్నాయి?”

“ఎగురుతున్నాయి.”

“ఆరూ?”

“ఆరూ. ఇడా, ఏదన్నా అను. తిట్టు.”

“ఆ విమానాల నంబర్లు గుర్తున్నాయా?”

“ఉన్నాయి. పడుకున్నా అవే కనపడతాయి.”

“చెప్పు, రాసుకుంటాను. వాటిమీదున్నది నా ముద్ర. ఎగరకుండా ఆపమని రెండింటికి వచ్చేవాళ్లకి నేనే చెప్పాలి.”