పక్క పిన్‌కోడే కదా అనుకున్నాను

"ఆంటీ, షారోన్ నిన్న నర్సింగ్ ఎంట్రన్స్ ఎలా రాసింది?" అంటున్నావు కదా రూతూ. మా పిల్ల రాయలేదమ్మా. గేటు మూసేశారు.

ఆ నీళ్లు ఇటివ్వు.

మన ద్వారకా ఏరియా పిన్‌కోడ్ చివర డెబ్బై ఐదు. హాల్ టికెట్ మీద సెంటర్ సరితా విహార్, డెబ్బై ఆరు. పక్కనే అన్నాను. పిల్ల ఫోన్‌లో చూస్తానంటే, "ఒక్క అంకేగా తేడా, ముందు టిఫిన్ తిను" అన్నాను. మా నాన్న పోస్ట్‌మ్యాన్, తెలుసుగా, తణుకు దగ్గర. మా ఊరికీ పక్కూరికీ ఒక్క అంకే తేడా. సైకిలు మీద పావుగంట. నన్ను ముందు కూర్చోబెట్టుకుని... సరే, అదెందుకులే ఇప్పుడు. ఘాజియాబాద్ నుంచి ఇక్కడికొచ్చి నాలుగు నెలలు. మాకేం తెలుసు?

ఆటో అతను నవ్వాడు. "సరితా విహారా? వో తో దూస్‌రే కోనే మే హై, దీదీ." ఊరికి ఆ చివరనట.

షారోన్ మొహం పాలిపోయింది. హాల్ టికెట్ మీద అడ్రస్ కింద అక్షాంశం, రేఖాంశం అని చిన్న అంకెలున్నాయి చూడు, అవి ఫోన్‌లో కొట్టింది. నేరుగా గీత గీస్తేనే ఇరవై మూడు కిలోమీటర్లు! ఆటో అతను, "మై చిడియా నహీ హూఁ, పిట్టలా ఎగిరిపోను, రోడ్డు మీద ముప్పై" అన్నాడు. ముప్పై, రూతూ!

గేటు తొమ్మిదికి. మేం దిగేసరికి ఆరు నిమిషాలు దాటింది. కమ్మీల లోపలి నుంచి గార్డు, "బంద్ హో గయా, మేడమ్." బతిమాలాను. చేతులు పట్టుకోబోయాను. ఐసీయూలో ఇన్నేళ్లు నర్సుగా చేశాను, ఎవర్నీ అలా బతిమాలలేదు. ఏడాదికి ఒక్కసారే ఆ పరీక్ష.

పిల్ల ఏడవలేదు. నన్ను ఒక్క మాట అనలేదు. తిరిగొస్తుంటే వాళ్ల నాన్న ఫోన్ చేశారు. "ట్రాఫిక్ థా, పప్పా" అంది, ఆలస్యం రోడ్డు వల్లే అన్నట్టు.

నేను పక్కనే కూర్చుని విన్నాను. కాదని అనలేదు.

రాత్రి ఆయనకి అన్నం పెట్టాను, అప్పుడూ అనలేదు. పొద్దున కూడా... నా కూతురు నాకోసం అబద్ధమాడింది, చూశావా?

నీ పరీక్ష ఎప్పుడమ్మా? ముందురోజే వెళ్లి గేటు చూసి రా. ప్రభువు నీకు తోడుండాలి. వెళ్లిరా, ఆయన డ్యూటీ నుంచి వచ్చే టైమైంది. నేను... చెప్పాలి.