నీళ్లు లేని మడుగు

పోళా పండుగ, ఎడ్ల పండుగ పొద్దు. కొత్త బడికి జాగా చూడ్డానికి నాందేడ్ నుంచి వచ్చిన రూపాలి, మడుగు ఒడ్డున బురదలోంచి కాలు లాగింది. కాలు వచ్చింది, చెప్పు రాలేదు. ఊరి సర్పంచ్ నాగేశ్వర్ పక్కనే నిలబడి ఉన్నాడు.

“తడి కాదు మేడం, మంచు.”

“శ్రావణంల మంచు కురుస్తదా సర్పంచ్ సాబ్?”

“ఈ ఊర్లె కురుస్తది. నాందేడ్ల ఉండేటోళ్లు, మీకెట్ల తెలుస్తది?”

“నేను బిలోలి దిక్కు పల్లెటూరి పిల్లనే. మరి నా చెప్పేది?”

“అగో, ఆడనే ఉండె. ఆగుండి, కట్టె పెట్టి తీపిస్త.”

“మంచిగైంది. అదే కట్టెతోని లోతు కూడ చూడొచ్చు.”

“అట్లయితే కట్టె వద్దు. కొత్త చెప్పులు కొనిస్త.”

“చెప్పులు వద్దు. ఆ కూత ఏంది?”

“కూతనా? నాకేం ఇనస్తలేదు.”

“కప్పలు.”

“అది మా మారోతి ఫోను మేడం. రింగు గట్ల పెట్టుకుండు.”

“అన్ని దిక్కుల నుంచి వస్తున్నది. ఎన్ని ఫోన్లున్నయి మారోతికి?”

“పెద్ద రైతు మేడం.”

“ఆ కొంగలు?”

“సాదుకునేటియి.”

“కొంగలను సాదుతరా?”

“మా ఇంటామె సాదుతది. ఇందుబాయి. ఆమెకు పిట్టలంటే పానం.”

“ఓ, ఇందుబాయి! మీకు ఫోన్ చేస్తే ఆమెనే ఎత్తింది. పోళానాడే రా బిడ్డా, పోలెలు తిని పోదువు అన్నది.”

“ఇయ్యాల్నే రమ్మన్నదా? మా ఆమెనే?”

“ఔ. ఎందుకు, ఇయ్యాల రావొద్దుండెనా?”

“ఏంలేదు, ఏంలేదు. జల్ది రాసుకొని పోదాం నడువుండి. ఇంకొంచెం సేపైతే ఊరోళ్లు ఎడ్లను… ఏంలేదు, ఎండ ముదురుతది.”

“సర్పంచ్ సాబ్, జర ఇనుండి. ఈ మడుగుల మొరం పోసి బడి కడితే వానకాలం నీళ్లెటు పోతయి? మీ ఇండ్లల్లకే. ఎండకాలం బాయిలల్ల ఊట ఎక్కడికెళ్లి వస్తది? మా ఊర్లె గిట్లనే తడి జాగల కట్టిండ్రు. నేను నాలుగోది చదువంగ గోడ కుంగింది. ఇగ మిగిలిన చదువంత చావడిల కూసొనే.”

“చావడిల చదివి కూడ ఆఫీసరమ్మ అయితిరి కద! గోడదేమున్నది?”

“రోడ్డు పక్క మెట్ట జాగ చూసిన, వచ్చేటప్పుడు. ఆడెందుకు కట్టరు?”

“ఆడనా? ఆడ మంగల్ కార్యాలయం కడ్తున్న… కడ్తరంట ఎవరో. పెళ్లిళ్లకు.”

“జాగ ఎవరిది?”

“ఒక మొండి మనిషిది మేడం. ఎంత చెప్పినా ఇయ్యరు.”

“మీరు అడిగిండ్రా?”

“ఎన్నిసార్లని! కాళ్లు మొక్కుడొక్కటే తక్కువ.”

“ఈ నెలల జాగ తేలకపోతే బడి వేరే ఊరికి పోతది, తెలుసు కద. ఈడ కాదని రాస్తే మీ పిల్లలు మళ్ల పక్క ఊరి దాక నడవాలె. ఔనని రాద్దామంటే నాకు చెయ్యి వస్తలేదు.”

“ఎందుకు రాదు? పొడి జాగ, చుక్క నీళ్లు లేవు అని రాయుండి. మా అవ్వ మీద ఒట్టు… వద్దులే, ఒట్టెందుకు.”

“ఓయ్! ఆడ నిలబడి ఏం ముచ్చట్లయ్యా? దా, ఎడ్లను పట్టుకో!”

“ఇందూ! ఈడికెందుకు తోలుకొచ్చినవ్? ఇంటికాడ పైపు పెట్టి కడుగుమన్న కద!”

“పోళానాడు ఎడ్లకు పైపు నీళ్లా? సిగ్గు లేదా? నువ్వేనా బిడ్డా రూపాలివి? నేనే ఇందుబాయిని. చూడు బిడ్డా, ఏటా మా ఇంటి జోడే ముందుగాల మడుగుల దిగాలె. ఎన్కనే ఊరి ఎడ్లు. వీళ్ల తాత నాటి మాన మర్యాద ఇది.”

“నువ్వు జర ఊకో ఇందూ. మేడం, మడుగంటే ఉత్త పేరుకే…”

“సరే, దిగకు. ఓ మారోతీ! మా ఆయన దిగడంట! నీ జోడును ముందు దింపు!”

“వాడా? నేను బతికుండంగ వాని ఎడ్లు ముందు దిగుతయా? ఇటియ్యి పగ్గం!”

“దోతి తడుస్తది.”

“తడవనియ్యి! హో… నడువు రాజా, నడువు!”

“సర్పంచ్ సాబ్! మోకాళ్లు మునిగినయి. మంచేనా?”

“మంచే మేడం!”

“నడుం దాక వచ్చింది!”

“ఈసారి మంచు జర ఎక్కువనే పడ్డది!”

“ఇంకా లోపలికి పో అయ్యా! ఎడ్ల ఈపులన్న తడవలె, మారోతి నవ్వుతుండు!”

“నవ్వనియ్యి! చూడుండ్రి అందరు, ముందు ఎవ్వని జోడు దిగిందో… ఏయ్ మారోతీ! అటు పోకురా! బడికి గుర్తు పెట్టిన మూల అది, రెండు నిలువుల లోతున్నది! ఎడ్లతోని సహా మునుగుతవు!”

“సర్పంచ్ సాబ్, మీరు చెప్పిందే రాస్తున్న. రెండు నిలువులు.”

“ఇందూ… నన్ను ముంచితివి కదనే!”

“నేనేడ ముంచిన? నువ్వే దిగినవ్. ఎడ్ల ఈపులు మంచిగ రుద్దు.”

“ఇందుబాయీ, నవ్వు వస్తున్నది గని నవ్వేటట్టు లేదు. ఈడ కాదని రాస్త. ఇగ ఆ మెట్ట జాగ దొరకకపోతే మీ ఊరికి బడి లేనట్టే. ఆ మొండి మనిషి ఎవరో జర చూపియ్యి. నేనే పోయి అడుగుత.”

“మొండి మనిషా? ఎవరన్నరు?”

“మీ ఆయనే. ఎన్నిసార్లు అడిగినా ఇయ్యరన్నడు.”

“అడిగిండంటనా! బిడ్డా, ఆ జాగ పసుపు కుంకుమ కింద మా అవ్వ నాకిచ్చింది. ఆ మొండిదాన్ని నేనే. ఇయ్యాల్టి దాక నన్ను ఎవ్వలు అడగనే లేదు. ఏదీ, నువ్వు అడుగు.”