బెల్లు మోగితే లేచే మనిషి

కూర్చో అబ్బాయ్. ఆ కుర్చీ కాదు, దానికో కాలు పొట్టి, ఇటు మంచం మీద కూర్చో. ఏంటీ, మీ అమ్మకి ఆపరేషనా? పెద్దాసుపత్రిలో చేర్చాలా, ప్రైవేటులోనా అని నన్నడుగుతున్నావా. నేనేమన్నా డాక్టర్నా నాయనా. ఈపాటికి వీధిలో తలో మాటా చెప్పే ఉంటారు. గవర్నమెంటు ఆసుపత్రిలో పట్టించుకునే నాథుడుండడని ఒకడు, ప్రైవేటువాడు తోలు వొలిచేస్తాడని ఇంకొకడు. ఇద్దరూ అబద్ధం చెప్పట్లేదు. నేను రెండూ చూశాను, ఒకే మనిషితో. మా చిన్నత్తతో. మా నాన్నకి ఆఖరి చెల్లెలు. నువ్వు పుట్టకముందే పోయిందిలే.

ఓ గవర్నమెంటు ఆఫీసులో అటెండరుగా చేసేది. మామయ్య పోయాక ఆ ఉద్యోగం ఈవిడకిచ్చారు. ఆఫీసరు గది బయట స్టూలు మీద కూర్చోవడం, బెల్లు మోగితే లేచి లోపలికెళ్ళడం, అంతే పని. అంతేనా అంటే, అందులో ఉంటుంది నరకం. ఒక ఆఫీసరుండేవాడు, ఫైలు వాడి మోచేతి కిందే ఉండేది, అది అందివ్వడానికి బెల్లు కొట్టేవాడు. అప్పుడే వచ్చి స్టూలు మీద కూలబడితే మళ్ళీ కొట్టేవాడు, ఫ్యాను తగ్గించమని. వాడి నడక అనుకరించి చూపించేది అత్త, పొట్ట ముందుకు పెట్టి. మేం పడీపడీ నవ్వేవాళ్ళం. ఒకరోజు మాత్రం నాతో అంది, కాళ్ళు వేన్నీళ్ళలో పెట్టుకుని, 'ఒరేయ్, ఆ బెల్లు ఇంటికొచ్చినా చెవిలో మోగుతూనే ఉంటుందిరా. మనిషిని అలా పిలవకూడదురా.' నేనేదో కుర్రాణ్ణి, ఊఁ అన్నాను. ఏం చెబుతున్నానూ... ఆఁ, ఆసుపత్రి.

రిటైరైన ఏడాదే కడుపులో గడ్డన్నారు. పెద్దాసుపత్రిలో చేర్చాం. వార్డు చూడాలి నువ్వు. మంచానికిద్దరు, ఆ కాళ్ళు ఈ తల దగ్గర, ఈ కాళ్ళు ఆ తల దగ్గర. ఫినాయిలు వాసనొకటి. ఆపరేషను రేపన్నారు, ఎల్లుండన్నారు, మత్తుమందు డాక్టరు సెలవన్నారు. కానీ అత్త మంచంలోనే, ఆ చివరనుండే ఆవిడ, గయ్యాళి అంటే గయ్యాళి, వార్డంతా ఆవిణ్ణి మైకు అనేవాళ్ళు. అత్తకి నొప్పొచ్చి పెదవి కొరుక్కుంటే చాలు, 'ఏవమ్మా నర్సమ్మా, మా మంచంలో మనిషి చచ్చిపోతోంది, నువ్వక్కడ జడేసుకుంటున్నావా' అని కేకేసేది. ఆ నర్సు తిట్టుకుంటూనే పరిగెత్తుకొచ్చేది. అత్త సిగ్గుపడిపోయేది, 'ఎందుకొదినా, పాపం ఆ పిల్లని' అని. వాళ్ళిద్దరూ వదినా వదినా అనుకునేవాళ్ళులే. మా బావకి మాత్రం ఆ వార్డు చూస్తే తలకొట్టేసినట్టుండేది. అత్తకి ఒక్కడే కొడుకు, లారీ నడిపేవాడు. 'జీవితమంతా స్టూలు మీద కూర్చుంది మా అమ్మ, ఇప్పుడన్నా ఒక మంచం తనకంటూ ఉండొద్దా' అన్నాడు. ఎవరు కాదంటారు. ఆ మాటలో తప్పేముందో ఇప్పటికీ నాకు తెలీదు.

ప్రైవేటులో చేరిస్తే చేరిన మర్నాడే ఆపరేషను. అబద్ధమెందుకు, ఆ డాక్టరు హస్తవాసి మంచిది. గడ్డ తీసేశాడు, అత్త ముఖం తేటపడింది. విడిగా గది, తెల్లటి దుప్పటి, కిటికీకి తెర. చేతిలో బెల్లు పెట్టారు, వైరుకి వేలాడుతూ ఉంటుందే, అది. 'ఏం కావాలన్నా ఇది నొక్కండమ్మా' అంది నర్సు పిల్ల. 'అలాగే తల్లీ' అంది అత్త. ఆ పిల్ల అటు వెళ్ళగానే బావని పిలిచి, 'పక్కకి తిరిగితే చెయ్యి తగుల్తుందిరా, ఒట్టి పుణ్యానికి పరిగెత్తుకొస్తుంది, ఆ కిటికీ కొక్కేనికి తగిలించు' అంది. వాడు తగిలించాడు. ఎవరికీ అందులో ఏమీ కనబడలేదు. నేనూ అక్కడే ఉన్నాను, నాకూ కనబడలేదు.

మర్నాడు మధ్యాహ్నం బావ మందులకని కిందికెళ్ళాడు. తిరిగొచ్చేసరికి అత్త నేలమీద ఉంది. కాల్లో రక్తం గడ్డకట్టి ఊపిరితిత్తుల్లోకి వెళ్ళిందట. 'కాస్త ముందు తెలిసుంటే చూసేవాళ్ళం' అన్నాడు డాక్టరు, ఆయన కళ్ళూ చెమర్చాయి. ఆ నర్సు పిల్ల వెక్కి వెక్కి ఏడ్చింది, 'నేను నాలుగడుగుల దూరంలోనే ఉన్నానండీ' అని. అసలు సంగతి చెప్తా విను. కిటికీ మంచం పక్కనే, చెయ్యి చాస్తే బెల్లు అందుతుంది. అత్త పడింది ఇటు, తలుపు దగ్గర. ఒక కాలికి చెప్పుంది. ఊపిరాడకపోయినా, ఆ పిల్లని పిలవడం కాదు, తనే లేచి వెళ్దామనుకుంది.

బావకి అదే చెప్పాను, బెల్లు చేతిలో ఉన్నా నొక్కేది కాదురా అని. వాడు వినలేదు. ఆ వార్డులోనే ఉంచుంటే మైకు అరిచేది కదరా అంటాడు. అక్కడుంటే ఆపరేషనే అయ్యేది కాదు కదా అంటాను. ఇద్దరం ఆ మాటలే పాతికేళ్ళు అనుకున్నాం, వాడు పోయేదాకా. ఇంక అనుకోడానికి నాకెవరూ లేరు. అందుకే నీకు చెప్తున్నా. ఎక్కడ చేరుస్తావో నీ ఇష్టం, నాకు తెలీదు. మీ అమ్మ నోరు తెరిచి అడిగే మనిషేనా, అది చెప్పు ముందు. తనకోసం నిన్ను ఆఖరిసారి ఏమడిగింది? ఆలోచించు, తొందరేం లేదు.

ఏంటి, ఒక్కటీ గుర్తు రావట్లేదా.

సర్లే. లేచి ఆ ఫ్యాను కాస్త తగ్గించు అబ్బాయ్. ఇందాకట్నుంచీ చలేస్తోంది.