చుక్క పెట్టిన గింజ

సభాధ్యక్షులు, మా భూగోళశాఖ అధిపతి శేషాద్రి గారికి, వేదిక మీది పెద్దలకు, నా తోటి ఉద్యోగులకు, వెనక వరుసలో నిలబడి ఇప్పటికే నవ్వుతున్న మా శనివారం బృందానికి, మొదటి వరుసలో కొంగు సర్దుకుంటున్న నా భార్య సోమమ్మకు నమస్కారం. మ్యాపుల గదిలో ముప్పై ఒక్క ఏళ్ళు పనిచేసి ఇవాళ రిటైరవుతున్న బిక్షపతిని నేను. నా గురించి ఇంతవరకూ చెప్పిన మంచిమాటల్లో సగం నిజం, మిగతా సగం శేషాద్రి గారి మంచితనం. (నవ్వులు)

అధ్యక్షులవారు మొహమాటపడి ఒక్క సంగతి వదిలేశారు. శనివారం మధ్యాహ్నాలు ఆ గదిలో మేము యుద్ధాలు చేసేవాళ్ళం. పదిహేనేళ్ళ కిందట నవనీత అనే ఎమ్మెస్సీ అమ్మాయి, ఇవాళ మన శాఖలోనే పాఠాలు చెబుతున్న నవనీత మేడం, ముగ్గురు స్నేహితులను వెంటబెట్టుకొచ్చి, ఎక్కడా లేని ఒక రాజ్యానికి మ్యాపు కావాలని అడిగింది. అదొక ఆటట. ఒకరు కథ చెబుతారు, మిగతావాళ్ళు ఆ కథలో తలా ఒక మనిషై "నేనిది చేస్తా" అంటారు, చేయగలిగారా లేదా అన్నది ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. పాత షీటు వెనక కొండలూ వాగులూ గీసిచ్చి, "గీడ వాగు దాటొద్దు బిడ్డా, సైన్యం మునుగుతది" అన్నాను. "అయితే కథ నువ్వే చెప్పన్నా" అంది. అలా ఇరుక్కుపోయాను.

మొదటి యుద్ధంలో మూడువేలమంది సిపాయిలు. తెలియక ఒక్కొక్కడికీ పాచిక వేయించాను. నాలుగు గంటలు గడిచినా ముందు వరుస కదల్లేదు, ఆ ముగ్గురిలో ఒకడైన హేమంత్ బల్ల మీద తల పెట్టి గురక పెట్టాడు. (వెనకనుంచి హేమంత్: "పహారా కాస్తున్ననన్నా!" నవ్వులు) ఆ సాయంత్రం దిగులుగా నడుచుకుంటూ పోయి తార్నాక చౌరస్తాలో రోడ్డు దాటడానికి నిలబడ్డాను. వాన అప్పుడే వెలిసింది. జనం కూడా నిలబడి ఉన్నారు. ముందున్నవాళ్ళు తటపటాయిస్తున్నారు, వెనకవాళ్ళు తోస్తున్నారు, ఇంతలో కూరగాయల సంచితో ఒకామె ధైర్యం చేసి అడుగు వేసింది, ఆమె వెంట వందమంది కదిలారు. నాకు ఆ జనం సైన్యంలా, తడిసిన బస్సులు ఎదురొచ్చే ఏనుగుల్లా కనిపించాయి. ఎంతసేపు చూస్తూ ఉండిపోయానో తెలియదు, దాటాల్సిన రోడ్డు మాత్రం దాటలేదు.

మరుసటి శనివారం కందిపప్పు, మినుములు తీసుకుపోయాను. కందిపప్పు మనవాళ్ళు, మినుములు శత్రువులు, ఒక గింజకు వందమంది. గుప్పెడు గింజలు ముందుకు జరిపితే సైన్యం కదిలినట్టు. అయితే ఆడేవాళ్ళు తలా రెండు గింజలకు ఇంకు చుక్క పెట్టి పేరు పెట్టాలి. చుక్క గింజ అంటే ఒక్కడే మనిషి. పాచిక వాడికే వేస్తాం, యుద్ధమంతా వాడి కళ్ళతోనే చెబుతాను. వెంటిలేటర్లోంచి ఎండ ఆ మ్యాపు మీద పడి మెల్లగా జరుగుతుంటే, ఆ రాజ్యంలో కూడా పొద్దు వాలుతున్నట్టే ఉండేది. ఆ గదిలో నేను ఫైళ్ళు మోసిన సంగతి చాలావరకు మరిచిపోయాను గానీ, ఆ పొద్దులన్నీ గుర్తున్నాయి.

ఒక సెలవుల్లో ఆ కందిపప్పు డబ్బాను ఇంటికి తీసుకుపోయాను. రెండోరోజు అన్నంలోకి తోటకూర పప్పు. బాగుందని రెండుసార్లు వేయించుకున్నాక డబ్బా ఖాళీగా కనిపించింది. "ఇంకు మరకలున్నయి, పుచ్చు గింజలనుకొని ఏరి పారేసిన, మంచియి ఉడకేసిన" అంది సోమమ్మ. (నవ్వులు) ఆడే పిల్లలకు ఆ సాయంత్రమే ఫోన్లో చెబితే నవ్వుతారనుకున్నాను. నవనీత మాత్రం "గంగులు గూడనా అన్నా?" అని అడిగింది. గంగులు ఆమె పేరు పెట్టిన సిపాయి. ఆ మాట ఇంట్లో చెప్పాను. తెల్లారి చూస్తే సోమమ్మ చెత్తబుట్టంతా వెతికి, ఏడు గింజలు కడిగి ఆరబెట్టి కాగితంలో చుట్టి ఉంచింది. ఎనిమిదోది దొరకలేదు. గంగులు జాడ తెలియలేదని రాసుకున్నాం.

ఇప్పుడొక తప్పు ఒప్పుకోవాలి. రెండేళ్ళుగా మా పిల్లల సైన్యం ఒక కోటను ముట్టడించి ఉంది. పాచిక పన్నెండు దాటితే కోట తలుపు విరుగుతుంది, కథ పూర్తవుతుంది. నేను ఫైలు అట్ట చాటున పాచిక వేసి ఎంత పడిందో చెబుతాను. నాలుగు శనివారాల కిందట పద్దెనిమిది పడింది. తొమ్మిది అని చెప్పాను. ఆ తర్వాత కూడా అబద్ధాలే చెప్పాను. ఉద్యోగం ఎలాగూ అయిపోతోంది, కోట కూడా పడిపోతే నేను ఎక్కడికి పోవాలో తెలియలేదు. పిల్లలూ, మీ గెలుపును దాచుకున్నాను. నన్ను క్షమించండి.

శేషాద్రి గారూ, ఈ పాచిక మీరు వేయండి. అట్ట చాటు లేదు, అందరూ చూస్తున్నారు. తక్కువ పడితే బాగుండునని లోపల ఆశ ఉంది, అబద్ధం ఆడను. (శేషాద్రి గారు బల్ల మీద పాచిక వేశారు: "పదహారప్పా, బిక్షపతీ!" వెనక వరుసలో కేకలు, చప్పట్లు)

తలుపు విరిగింది. నా దగ్గరున్న కథ ఇంతే.

(నవనీత వేదిక ఎక్కి మైకు అందుకుంది: "కోట లోపల ఏమున్నదో నువ్వెప్పుడూ చెప్పలేదు గదన్నా. అది నేను చెప్త. పదిహేనేండ్ల సంది నువ్వు ఒక్కనాడు ఆడలేదు, వచ్చే శనివారం వచ్చి ఆడు." ఆయన అరచేతిలో చుక్క పెట్టిన కందిగింజ ఉంచింది: "పేరు చెప్పు.")

అందరినీ పేర్లు అడిగినవాణ్ని, నన్నెవరూ అడగలేదు. సోమమ్మా, దీన్ని మాత్రం ఏరిపారెయ్యకు. (నవ్వులు)

ఓపికగా విన్న మీ అందరికీ, నన్ను ఇన్నేళ్ళు భరించిన ఆ గదికీ కృతజ్ఞతలు. నవనీతమ్మా, రాసుకో. వీడి పేరు గంగులు. తిరిగొచ్చాడు. సెలవు.